మూడో అధ్యాయం తిరగరాయి

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన అయిదు అధ్యాయాలూ రెండుసార్లు చదివాను. జర్మన్ల ఆక్రమణలో ఉన్న 1943 పారిస్, లండన్ నుంచి రహస్య ఏజెంట్లుగా వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు, ఒకరు వైర్‌లెస్ ఆపరేటరు, ఇంకొకరు కొరియరు. ఎంపిక మంచిది. వాక్యం కూడా ఇదివరకటికన్నా చిక్కబడింది. కానీ మూడో అధ్యాయంలో ఇద్దరూ తెల్లవార్లూ కూర్చుని అసలు పేర్లు, అమ్మానాన్నల సంగతులు, లండన్‌లో వదిలొచ్చిన వాడి కబుర్లు అన్నీ చెప్పేసుకుని ఏడ్చారు చూడు, అక్కడ కథ ఊపిరి ఆగిపోయింది. ఆ పనిలో ఉన్నవాళ్ళు అలా చెప్పుకోరు. స్నేహం ఎంత గట్టిపడితే అంత తక్కువ చెప్పుకుంటారు. నీ నవల మొత్తం ఈ ఒక్క సంగతి మీద నిలబడాలి, అందుకే ఇంత పెద్ద ఉత్తరం.

వాళ్ళని పంపింది ఎస్.ఓ.ఈ., అంటే స్పెషల్ ఆపరేషన్స్ ఎగ్జిక్యూటివ్ అనే బ్రిటిష్ రహస్య సంస్థ, 1940 జులైలో పుట్టింది. అందులో ఫ్రాన్స్ పని చూసిన ఎఫ్ సెక్షన్ నుంచి వెళ్ళిన ఆడవాళ్ళు 39 మంది. 13 మంది తిరిగి రాలేదు. వాళ్ళకి పదేపదే నూరిపోసిన లెక్క ఒకటుంది: పట్టుబడితే 48 గంటలు నోరు విప్పకూడదు. ఆలోగా బయటున్నవాళ్ళు ఇళ్ళు ఖాళీ చేసి, కాగితాలు కాల్చి, మాయమైపోతారు. ఆ తర్వాత నోరు జారినా నష్టం తక్కువ. ఇప్పుడు ఆలోచించు. నీ కొరియరుకి ఆపరేటరు గది ఎక్కడో తెలిస్తే, ఆ 48 గంటలూ ఆమె ఒంటి మీద పడే ప్రతి దెబ్బా ఆ చిరునామా కోసమే. తెలియకపోతే చెప్పడానికేమీ ఉండదు. అందుకని "నీ కొత్త గది ఎక్కడో నాకు చెప్పకు" అన్న మాటే ఈ ఇద్దరి మధ్యా అన్నిటికన్నా ఆత్మీయమైన మాట అవ్వాలి. తెల్లవార్లూ ఏడిపించిన ఆ పదకొండు పేజీలూ కొట్టేసి, ఈ ఒక్క మాట రాయి. అవతలామె జవాబేమీ చెప్పకుండా సైకిలు ట్యూబు ఒకటి ఆమె సంచిలో పడేసి వెళ్ళిపోనీ. ఆ రోజుల్లో సైకిలు టైరూ ట్యూబూ దొరకడం గగనం, చదివేవాళ్ళకి ఆ సంగతి ముందే ఎక్కడో తెలిసేలా చూసుకో.

పని పంపకం నీకు ఇంకా సరిగ్గా పట్టుబడలేదు. ఒక సర్క్యూట్‌కి, అంటే రహస్య బృందానికి, ముగ్గురు ముఖ్యం: ఆర్గనైజరు, కొరియరు, వైర్‌లెస్ ఆపరేటరు. ఆర్గనైజరు సందేశం రాస్తాడు, కొరియరు మోస్తుంది, ఆపరేటరు కోడ్‌లోకి మార్చి పంపుతుంది. కొరియరు ఆపరేటరు ఇంటి తలుపు తట్టదు. ఏ దుకాణంలోనో, ఏ భవనం కాపలామనిషి దగ్గరో చీటీ వదిలి వెళ్తుంది. కొరియర్లుగా ఆడవాళ్ళే ఎందుకన్నదానికి నువ్వు "అనుమానం రాదు కాబట్టి" అని తేల్చేశావు. అసలు కారణం ఇంకా గట్టిది. 1943 ఫిబ్రవరి నుంచి ఫ్రాన్స్‌లో పడుచువాళ్ళని జర్మనీ ఫ్యాక్టరీలకి పంపే నిర్బంధ శ్రమ చట్టం వచ్చింది. రోడ్డు మీద కనిపించిన ప్రతి కుర్రాడినీ ఆపి కాగితాలడిగేవారు. సైకిలు మీద కూరల సంచితో వెళ్ళే అమ్మాయికి ఆ బెడద లేదు. ఇంకో చిన్న సంగతి: బ్రిటన్‌లో సైన్యపు మహిళా విభాగాల్లో ఉన్నవాళ్ళు ఆయుధం పట్టకూడదన్న నియమం ఉండేది. దాన్ని దాటడానికి వీళ్ళని ఫస్ట్ ఎయిడ్ నర్సింగ్ యోమన్రీ అనే పౌర సంస్థలోకి మార్చేవారు, పొట్టిగా ఫానీ. నీ నాయిక తన తల్లికి రాసే అబద్ధపు ఉత్తరాల్లో ఈ ఫానీ ఉద్యోగం బాగా పనికొస్తుంది.

ఇక ట్రాన్స్‌మిటర్. నువ్వు దాన్ని "చిన్న పెట్టె" అన్నావు, ఆమె దాన్ని "ఊపుకుంటూ" మెట్లెక్కింది. ఎస్.ఓ.ఈ. బి-2 సెట్టు పెట్టెతో కలిపి సుమారు 15 కిలోలు. 15 కిలోల పెట్టె మోస్తూ, అందులో బట్టలు మాత్రమే ఉన్నట్టు నడవడం ఒక విద్య. భుజం ఒకపక్కకి వాలకూడదు, చెయ్యి మార్చుకోవాలనిపించినా పోలీసు ఎదురుగా మార్చకూడదు, రైల్లో ఎవరైనా మర్యాదకి పెట్టె అందుకోబోతే ఏం చెప్పాలో ముందే అనుకోవాలి. ఒక పేజీ మొత్తం ఈ నడక మీదే రాయొచ్చు నువ్వు.

గదిలోకొచ్చాక ఇంకో బాధ. ఏరియల్ తీగ సుమారు 20 మీటర్లు ఉండాలి. పారిస్ అటకగదిలో అంత తీగ ఎక్కడ పరుస్తుంది? కిటికీలోంచి చెట్టు మీదకి వేస్తే పక్కింటివాళ్ళకి కనిపిస్తుంది, గదిలోనే మడతలు వేస్తే సిగ్నల్ బలహీనపడుతుంది. ఫ్రీక్వెన్సీని నిర్ణయించేది గోటంత క్వార్ట్జ్ ముక్క, క్రిస్టల్ అంటారు. కింద పడితే చెడిపోతుంది, చెడిపోతే ఆ ఫ్రీక్వెన్సీ లేనట్టే. లండన్ వినే వేళలు ముందే రాసి ఇచ్చి ఉంటాయి. ఆ వేళ దాటితే మళ్ళీ వేళ వచ్చేదాకా ఆగాలి, గుమ్మం దగ్గర చావు నిలుచున్నా సరే.

ప్రమాదం ఎలా దగ్గరకొస్తుందో నువ్వు రాయలేదు, "జర్మన్లు కనిపెట్టారు" అని ఒక్క వాక్యంలో దాటేశావు. అది మూడు అంచెల్లో జరిగేది. దూరంగా ఉన్న స్థిర కేంద్రాలు రెండు మూడు దిక్కుల నుంచి సిగ్నల్ పట్టి, ఏ ఊరు, ఏ పేట అన్నదాకా వలయం బిగిస్తాయి. తర్వాత మామూలు సరుకుల బండిలా కనిపించే వ్యాను ఆ వీధుల్లో తిరుగుతుంది. ఆఖరికి కోటు కింద రిసీవరు దాచుకున్న మనిషి కాలినడకన వస్తాడు. ఇంకో ఎత్తు కూడా వేసేవారు: ఒక్కో పేటకీ వరసగా కరెంటు తీసేయడం. ఏ పేటలో తీసినప్పుడు మోర్స్ (చుక్కలూ గీతల సంకేతం) ఆగిపోయిందో ఆపరేటరు అక్కడున్నట్టు. అందుకే తెలివైన ఆపరేటరు పక్కనే ఆరు వోల్టుల కారు బ్యాటరీ ఉంచుకుంటుంది, కరెంటు పోగానే దాని మీదకి మారుతుంది. ఒకే చోట నుంచి ఇరవై నిమిషాలు దాటితే ప్రాణం మీదకి తెచ్చుకున్నట్టే. నీ నాయిక నాలుగో అధ్యాయంలో గంటన్నర పంపింది. ఆ అధ్యాయం చివర ఆమె బతికి ఉండే అవకాశం లేదు.

కోడ్ విషయంలో నీకు ఒక వరం ఉంది, వాడుకోలేదు. మొదట్లో ఆపరేటర్లు కంఠస్థం చేసిన పద్యంతో కోడ్ కట్టేవారు. పద్యంలోంచి అయిదు మాటలు ఎంచుకుని, వాటి అక్షరాలకి అంకెలు వేసి, ఆ వరసలో సందేశాన్ని రెండుసార్లు తారుమారు చేస్తారు. ఏ అయిదు మాటలో చెప్పే గుర్తు సందేశం ముందు ఉంటుంది. ఒక్క మాటకి స్పెల్లింగు తప్పితే మొత్తం సందేశం చెత్తకుప్ప. అలాంటివి విప్పడానికి ఇంగ్లండ్‌లో ఫానీ అమ్మాయిలు రాత్రంతా ఒక్కో తప్పునీ ఊహించి ప్రయత్నించేవారు, ఎందుకంటే "మళ్ళీ పంపు" అని అడగడమంటే ఆమెని మళ్ళీ ఆ ఇరవై నిమిషాల్లోకి నెట్టడమే. పైగా ప్రసిద్ధ పద్యమైతే శత్రువు ఊహించగలడు, దెబ్బలకి పద్యం బయటపడితే పాత సందేశాలన్నీ చదివేయగలడు. అందుకే కోడ్ల అధికారి లియో మార్క్స్ తానే కొత్త పద్యాలు రాసిచ్చాడు, తర్వాత పద్యానికి బదులు పట్టుగుడ్డ మీద అచ్చువేసిన కోడ్ తాళాలు, అంటే ‘కీ’లు, తెచ్చాడు. పట్టెందుకంటే తడిమినప్పుడు కాగితంలా గరగరలాడదు, కోటు లైనింగులో కుట్టుకోవచ్చు. వాడిన కీని కత్తిరించి కాల్చేయాలి. ఇంక గుర్తులేని కీని ఏ హింసా రాబట్టలేదు.

ఇప్పుడు అసలు మాట. మోర్స్ కొట్టే చెయ్యి ఎవరిది వాళ్ళదే, చేతిరాత లాగా. చుక్క ఎంత పొట్టి, గీత ఎంత సాగుతుంది, ఏ అక్షరం దగ్గర తడబడుతుంది, రోజూ వినే అమ్మాయికి తెలిసిపోతుంది. ఇంగ్లండ్ పల్లెలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్న ఆ అమ్మాయికి నీ నాయిక అసలు పేరు తెలియదు, ముఖం తెలియదు. కానీ ఈ రాత్రి ఆమె చెయ్యి వణుకుతోందని తెలుసు. నువ్వు వెతుకుతున్న మూడో స్త్రీ ఈమె. నీ నవల్లో ఈమెకి చోటే ఇవ్వలేదు!

సందేశంలో రెండు భద్రతా గుర్తులుండేవి, కావాలని చేసే తప్పులన్నమాట. పట్టుబడ్డాక ఒకటి చెప్పేయొచ్చు, రెండోది దాచుకోవాలి. రెండోది లేకుండా సందేశం వస్తే ఆపరేటరు శత్రువు చేతిలో ఉన్నట్టు. 1943 జూన్‌లో పారిస్ ప్రాస్పర్ సర్క్యూట్ కూలినప్పుడు పట్టుబడిన దాని వైర్‌లెస్ ఆపరేటరు గిల్బర్ట్ నార్మన్ పేరుతో అలాంటి సందేశమే వచ్చింది. లండన్ ఏం చేసిందనుకున్నావు? రెండో గుర్తు మర్చిపోయావు, ఇకమీదట జాగ్రత్త అని జవాబిచ్చింది. అతని పక్కన నిలబడి ఆ జవాబు చదివింది జర్మన్లు. నీ కథలో ద్రోహి కావాలని కొత్త పాత్రని సృష్టించావు. అక్కర్లేదు. లండన్ ఆఫీసులో పరధ్యానం చాలు.

ఎస్.ఓ.ఈ. వైర్‌లెస్ ఆపరేటరు నూర్ ఇనాయత్ ఖాన్ గురించి నువ్వు ముందుమాటలో రెండు వాక్యాలు రాసి, టిప్పు సుల్తాన్ వంశం అని చెప్పి వదిలేశావు. ఆమె నీకు అలంకారం కాదు, పాఠం. 1943 జూన్ 16 రాత్రి రెండు లైసాండర్ విమానాల్లో ముగ్గురు ఆడవాళ్ళు ఫ్రాన్స్‌లో దిగారు: నూర్, డయానా రౌడెన్, సిసిలీ లెఫోర్. ముగ్గురూ వెనక్కి రాలేదు. దిగిన పది రోజుల్లోపే ప్రాస్పర్ కూలింది. తిరిగి వచ్చేయమంటే నూర్ ఒప్పుకోలేదు, అక్టోబర్ దాకా పారిస్ నుంచి సందేశాలు పంపింది. ఆమెకిచ్చిన ఆదేశాల్లో సందేశాల "ఫైలింగ్" విషయంలో జాగ్రత్తగా ఉండమని ఉంది. అంటే ప్రసారానికి సిద్ధం చేయడం. ఆమె దాచిపెట్టడం అనుకుంది, పంపినవన్నీ ఒక నోటుపుస్తకంలో రాసి ఉంచింది. అరెస్టయినప్పుడు ఆ పుస్తకం కూడా దొరికింది. దాన్ని పట్టుకుని జర్మన్లు ఆమె పేరుతో లండన్‌తో మాట్లాడారు, మనుషుల్ని రప్పించుకున్నారు. అలా 1944 ఫిబ్రవరి ఆఖర్లో షార్త్ర్ దగ్గర పారాషూట్‌లో దిగి నేరుగా వాళ్ళ చేతుల్లో పడినవాళ్ళలో మదలెన్ దమెర్మాన్ ఒకరు. 1944 సెప్టెంబర్ 13 పొద్దున డాఖౌ నాజీ నిర్బంధ శిబిరంలో నూర్‌నీ ఆమెనీ ఇంకో ఇద్దరితో కలిపి కాల్చేశారు. ఒకరి నోటుపుస్తకం ఇంకొకరిని ఆ చావు దగ్గరకి తెచ్చింది. కోపంతో రాయకు ఇది, క్షమిస్తూ కూడా రాయకు. నీ పాత్రల మధ్య ఇలాంటిదొకటి జరిగితే, తప్పు చేసినామెకి ఆ సంగతి తెలియాలా వద్దా అన్నది మాత్రం రాయడం మొదలుపెట్టే ముందే తేల్చుకో.

వీధి వివరాలు త్వరగా చెప్పేస్తాను. పాలు దొరకని ఊళ్ళో కాఫీ నల్లగానే వస్తుంది, "బ్లాక్ కాఫీ" అని అడిగినామె పరాయిదని తెలిసిపోతుంది. నీ నాయిక అదే అడిగింది. పొగాకు రేషను మగవాళ్ళకే, ఆడమనిషి జేబులో నిండు సిగరెట్ పెట్టె ప్రశ్నలు పుట్టిస్తుంది. కప్పులో ముందు పాలు పోసి తర్వాత టీ పోయడం ఇంగ్లీషు అలవాటు, నూర్‌ని తోటివాళ్ళు దాని గురించే హెచ్చరించారు. బట్టల మీద లండన్ లేబుల్ ఉండకూడదు, పళ్ళలో సిమెంటు కూడా ఫ్రెంచి పద్ధతిలో మళ్ళీ వేయించేవారు. సైనైడ్ మాత్ర కొరికితేనే పనిచేస్తుంది, మింగితే రబ్బరు పూతతో అలాగే బయటికి పోతుంది. నీ అయిదో అధ్యాయంలో మింగి చచ్చిపోయిన అతన్ని బతికించు. విమానాలు దిగేది పౌర్ణమికి అటూ ఇటూ ఉన్న రాత్రుల్లోనే, నేల మీద ఎల్ ఆకారంలో మూడు టార్చిలైట్లు చాలు. అమావాస్య నాడు దింపావు.

జైలు భాగం నువ్వింకా రాయలేదు కాబట్టి ఒకటే చెబుతాను. జర్మనీలోని ఫోర్జ్‌హైమ్ జైల్లో నూర్‌ని సంకెళ్ళతో ఒంటరిగా ఉంచారు, ఎవరితోనూ మాట నిషేధం. గిన్నెలు అందరివీ కలిసి కడుగుడికి వెళ్ళేవి. ఆమె తన కప్పు అడుగున ఒక పేరు, లండన్ చిరునామా గీసింది. ఆ పేరు కూడా అసలుది కాదు, నోరా బేకర్. ఇంకో ఖైదీ చదివింది. చిరునామా ఎప్పుడు చెప్పకూడదో మూడో అధ్యాయంలో సరిగ్గా నాటితే, ఎప్పుడు చెప్పాలో ఇక్కడ దానంతటదే పండుతుంది.

ముందు మూడో అధ్యాయం, తర్వాత నాలుగులో గంటన్నరని పద్దెనిమిది నిమిషాలు చెయ్యి. హెడ్‌ఫోన్ల అమ్మాయికి ఒక పేరు పెట్టి, రెండో అధ్యాయంలోనే కూర్చోబెట్టు. ఈ మూడూ అయ్యాక పంపు, అప్పటిదాకా ఆరో అధ్యాయం మొదలుపెట్టకు.

పెద్దమ్మ