లిమిట్స్.కాన్ఫ్‌లో హద్దు పెట్టినా ఒక్క యూజరే సర్వర్ మెమరీ అంతా ఎలా తినేస్తున్నాడు?

పదిమందికి పైగా లాగిన్ అయ్యే లినక్స్ సర్వర్. వనరుల హద్దులు రాసే లిమిట్స్.కాన్ఫ్ ఫైల్లో ఒక్కొక్కరికి 4 జీబీ మెమరీ అని రాశారు. అయినా ఒకాయన 50 జీబీ దాకా వాడేస్తున్నాడు, ఎప్పుడో వెళ్ళిపోయినవాళ్ళ సెషన్లు ఇంకా లిస్టులో కనిపిస్తున్నాయి. మీ ప్రశ్న ఇదే కదా. ఇదే గోతిలో నేనూ పడ్డాను, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మీరు పెట్టిన హద్దు పని చేస్తూనే ఉంది. కాకపోతే అది మనిషికి కాదు, ఒక్కో ప్రాసెస్‌కి, అంటే నడుస్తున్న ఒక్కో ప్రోగ్రామ్‌కి. లాగిన్ అయ్యే సమయంలో పామ్ లిమిట్స్ అనే మాడ్యూల్ ఆ ఫైలు చదివి, ఆ సెషన్‌లో పుట్టే ప్రతి ప్రాసెస్‌కీ విడివిడిగా 4 జీబీ హద్దు తగిలిస్తుంది. పదిహేను ప్రాసెస్‌లు నడిపితే పదిహేను నాలుగులు అరవై. ఎవరూ రూలు దాటినట్టు కాదు. అందులో ఆర్‌ఎస్‌ఎస్ (ర్యామ్‌లో నిజంగా ఉన్న మెమరీ) అనే లైను కూడా రాసి ఉంటే దాన్ని తీసేయండి, 2.4 వెర్షన్ కాలం తర్వాత కెర్నల్ (లినక్స్ గుండెకాయ) దాన్ని పట్టించుకోవడమే మానేసింది. ఆ ఫైల్లో మనం మామూలుగా వాడేవాటిలో యూజర్ మొత్తానికి కలిపి లెక్కపెట్టేవి ఎన్‌ప్రాక్ (ప్రాసెస్‌ల సంఖ్య), మ్యాక్స్‌లాగిన్స్ (లాగిన్ల సంఖ్య) లాంటి ఒకటి రెండే.

నా దగ్గర జరిగింది చెప్తాను. 64 జీబీ మెషీన్, అచ్చం మీలాగే 4 జీబీ హద్దు. ఒక రాత్రి ఒకతను 16 వర్కర్లతో, అంటే 16 ప్రాసెస్‌లతో, డేటా స్క్రిప్టు నడిపాడు. ఒక్కోటి మూడున్నర జీబీ దగ్గర బుద్ధిగా ఆగింది. మెమరీ నిండిపోగానే కెర్నల్ ఓఓఎమ్ కిల్లర్‌ని దించింది. అది సాధారణంగా ఎక్కువ మెమరీ పట్టుకున్న ప్రాసెస్‌ని చంపుతుంది. ఆ సమయంలో అందరికంటే లావుగా ఉన్నది 6 జీబీ వాడుతున్న మా డేటాబేస్. అంటే నేను పెట్టిన హద్దే అసలు దోషుల్ని చిన్నగా చూపించి డేటాబేస్‌ని బలిచ్చింది.

ఆ కోపంలో మర్నాడు ఎన్‌ప్రాక్‌ని 100కి తగ్గించాను. అది ఇంకో తప్పు. ఎన్‌ప్రాక్ థ్రెడ్లను (ఒక ప్రాసెస్ లోపల సమాంతరంగా నడిచే పనులను) కూడా లెక్కపెడుతుంది. ఒక జావా ప్రోగ్రామ్, ఒక ఎడిటర్ తెరిస్తే చాలు, వంద అయిపోయింది. ఆ మనిషి మళ్ళీ లాగిన్ అవుదామంటే షెల్ (ఆదేశాలు టైపు చేసే ప్రోగ్రామ్) పుట్టదు, తన ప్రాసెస్‌లని తనే చంపుకుందామన్నా కుదరదు. అన్ని అధికారాలున్న రూట్ ఖాతాతో వెళ్ళి విడిపించాల్సి వచ్చింది. 'అందరికీ' అనే అర్థంలో నక్షత్రం గుర్తుతో రాసిన లైను రూట్‌కి వర్తించదు కాబట్టి బతికిపోయాను.

మనిషికి హద్దు కావాలంటే సర్వీసులనీ సెషన్లనీ నడిపే సిస్టమ్‌డీలోని స్లైస్‌కి (ప్రాసెస్‌ల గుంపుకి) పెట్టాలి. ఒక యూజర్ ఎన్నిసార్లు లాగిన్ అయినా ఆ సెషన్లన్నీ అతని నంబరుతో ఉండే ఒకే స్లైస్ కిందికి వస్తాయి. యూజర్ నంబరు 1000 అయితే దాని పేరు యూజర్-1000.స్లైస్. అందరికీ ఒకేసారి పెట్టాలంటే ఈటీసీలో సిస్టమ్‌డీ, దాని కింద సిస్టమ్ డైరెక్టరీలో యూజర్-.స్లైస్.డీ అని ఒక ఫోల్డర్ చేసి, అందులో .కాన్ఫ్‌తో ముగిసే ఫైలు పెట్టి, డెమన్-రీలోడ్ (సెట్టింగులు మళ్ళీ చదివించే ఆదేశం) చేయాలి. అడ్డగీత తర్వాత నంబరు ఉండదు, అచ్చుతప్పనుకోకండి. ఇది సిస్టమ్‌డీ 239 నుంచి పనిచేస్తుంది. ఒక్కరికే పెట్టాలంటే సిస్టమ్‌డీని ఆదేశించే సిస్టమ్‌సీటీఎల్‌తో సెట్-ప్రాపర్టీ ఇస్తే సరిపోతుంది, అప్పటికప్పుడే అమలవుతుంది. లిమిట్స్.కాన్ఫ్ మార్పులకైతే మళ్ళీ లాగిన్ కావాల్సిందే.

ఆ స్లైస్‌లకి నేను మెమరీహై 10 జీబీ, మెమరీమ్యాక్స్ 12 జీబీ పెట్టాను. హై దాటితే ఆ యూజర్ పనులు బాగా నెమ్మదిస్తాయి, మ్యాక్స్ తగిలితే ఓఓఎమ్ కిల్లర్ ఆ స్లైస్ లోపలే ఒకదాన్ని చంపుతుంది. డేటాబేస్ జోలికి రాదు. మొదట్లో ఒకటి మర్చిపోయాను. సీగ్రూప్ (స్లైస్ హద్దుల్ని అమలుచేసే కెర్నల్ భాగం) రెండో వెర్షన్‌లో మెమరీమ్యాక్స్ లెక్కలోకి స్వాప్, అంటే మెమరీ చాలనప్పుడు వాడే డిస్కు జాగా, రాదు. దాంతో మెమరీ అంతా స్వాప్‌లోకి పొర్లి డిస్కు ఊపిరాడక మెషీన్ పాకడం మొదలెట్టింది. మెమరీస్వాప్‌మ్యాక్స్ విడిగా 1 జీబీ పెట్టాక కుదుటపడింది. ఇంకో మాట, స్లైస్ స్టేటస్‌లో కనిపించే మెమరీ అంకెలో ఫైల్ క్యాష్ (చదివిన ఫైళ్ళ తాత్కాలిక కాపీలు) కూడా కలిసి ఉంటుంది. అది చూసి టెన్షన్ పడి ఎవరినీ తిట్టకండి.

సీపీయూకి నేను కోటా పెట్టలేదు. సీపీయూకోటా 200 శాతం అంటే రెండు కోర్లంత పని. అర్ధరాత్రి మిగతా కోర్లన్నీ ఖాళీగా ఉన్నా అంతకు మించి ఇవ్వదు. దాని బదులు సీపీయూవెయిట్ 100 అని అందరికీ రాస్తే, పోటీ ఉన్నప్పుడు సమానంగా పంచుతుంది, లేనప్పుడు ఎవరికి కావాల్సినంత వాళ్ళకిస్తుంది.

ఇక వెళ్ళిపోయినవాళ్ళ సెషన్లు. లాగిన్‌సీటీఎల్ ఆదేశంతో లిస్ట్-సెషన్స్ చూసి, అనుమానం ఉన్నదానికి సెషన్-స్టేటస్ అడగండి. స్టేట్ దగ్గర క్లోజింగ్ అని ఉంటే మనిషి బయటికి పోయాడు, ప్రాసెస్‌లు మిగిలాయి అని అర్థం. కింద వాటి పేర్లు కూడా చూపిస్తుంది. అవి చదవకుండా టెర్మినేట్-సెషన్ కొట్టకండి. నేను అంతకంటే ఘోరమే చేశాను, లాగిన్‌డీ (లాగిన్లు చూసుకునే సిస్టమ్‌డీ భాగం) సెట్టింగుల్లో కిల్‌యూజర్‌ప్రాసెసెస్ (వెళ్ళిన మనిషి ప్రాసెస్‌లని చంపేది) ఎస్ చేశాను. మూడు రోజులుగా టీమక్స్‌లో (లాగౌట్ అయినా పనిని నడిపించే ప్రోగ్రామ్‌లో) నడుస్తున్న ఒకామె లెక్కంతా ఆమె ల్యాప్‌టాప్ మూసి వెళ్ళగానే పోయింది. 2016లో సిస్టమ్‌డీ 230 దీన్నే డిఫాల్ట్‌గా పెట్టినప్పుడు పెద్ద గొడవే అయింది, డెబియన్ మళ్ళీ నో చేసింది. ఎస్ చేయాలనే ఉంటే ముందు అందరికీ చెప్పి, దీర్ఘకాలం నడిచే పనులున్నవాళ్ళకి లింగర్ (లాగౌట్ తర్వాతా యూజర్ పనుల్ని ఉంచే సెట్టింగు) ఆన్ చేసి, పనిని సిస్టమ్‌డీ-రన్‌తో యూజర్ స్కోప్‌లో (లాగిన్ సెషన్‌కి బయట ఉండే గుంపులో) మొదలెట్టడం నేర్పండి. అప్పుడు పని బతుకుతుంది, స్లైస్ హద్దులోనే ఉంటుంది.

నెట్ తెగిపోయి వేలాడే ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే పద్ధతి) కనెక్షన్లకి సర్వర్ వైపు క్లయింట్‌అలైవ్‌ఇంటర్వెల్ 60 సెకన్లు, కౌంట్‌మ్యాక్స్ 3 పెడితే దాదాపు మూడు నిమిషాల్లో పోతాయి. ఊరికే కూర్చున్న మనిషిని అది తీసేయదు. మ్యాక్స్‌సెషన్స్ అనే సెట్టింగు చూసి చాలామంది పొరబడతారు, అది ఒక్కో కనెక్షన్‌కి లెక్క. ఒక్కరు ఎన్నిసార్లు లాగిన్ కావచ్చో చెప్పాలంటే లిమిట్స్.కాన్ఫ్‌లోని మ్యాక్స్‌లాగిన్స్ వాడాలి.

ఇంత చేసినా ఒక సందు మిగులుతుంది. డాకర్ కంటైనర్లు (ప్రోగ్రామ్‌లని విడి పెట్టెల్లో నడిపేవి) మామూలుగా యూజర్ స్లైస్‌లో పుట్టవు, డాకర్ డెమన్ (వెనక నడిచే సర్వీసు) వాటిని సిస్టమ్ వైపు పుట్టిస్తుంది. డెబియన్, ఉబుంటుల్లో టైముకి వాటంతటవే నడిచే క్రాన్ పనులూ అంతే. సిస్టమ్‌డీ-సీజీటాప్ తెరిచి ఆ 50 జీబీ ఏ స్లైస్ కింద ఉందో ముందు చూడండి. సిస్టమ్.స్లైస్ కింద కనబడితే ఆయన డాకర్ గ్రూపులో ఉన్నాడేమో వెతకండి, పైన చెప్పిన స్లైస్ హద్దులేవీ అక్కడ అంటవు.