జవాబు చెప్పేటప్పుడు పాప ముఖంలోకి చూడదు... కళ్ల లోపమా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా పాపకు 9 ఏళ్లు. ఏదైనా అడిగితే మా ముఖం చూడకుండా పైకప్పు వైపో, గోడ వైపో చూస్తూ జవాబు చెబుతుంది. ఒక్కోసారి పుస్తకం ముందు పెట్టుకుని శూన్యంలోకి చూస్తూ కూర్చుంటుంది. పిలిస్తే ఉలిక్కిపడి ‘ఏంటమ్మా?’ అంటుంది. అలాంటప్పుడు ఎడమ కన్ను కాస్త బయటికి జరిగినట్టు కూడా రెండు మూడుసార్లు అనిపించింది. క్లాసులో శ్రద్ధ ఉండటం లేదని టీచర్ అంటున్నారు. కళ్లు కుడివైపు పైకి తిప్పితే అబద్ధం చెబుతున్నట్టేనని మా బంధువు ఒకావిడ అన్నారు. పాపను కంటి డాక్టర్‌కు చూపించాలా, న్యూరాలజిస్టుకు చూపించాలా? చాలా టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, మీరు రాసినవాటిలో చాలావరకు జబ్బు లక్షణాలు కావు. పాప ఆలోచిస్తోందని చెప్పే గుర్తులు. ఎడమ కన్ను విషయం మాత్రం వేరు, దాన్ని కంటి డాక్టర్‌కు తప్పకుండా చూపించండి.

ముందు ముఖం చూడకపోవడం సంగతి చూద్దాం. ఎదుటివాళ్ల ముఖం మెదడుకు చాలా పని పెడుతుంది. అమ్మకు కోపం వచ్చిందా, నేను చెప్పేది సరిగ్గానే ఉందా అని కనుబొమలను, పెదవులను గమనిస్తూనే మరోపక్క లెక్క కట్టడం పిల్లలకు కష్టం. అందుకే చూపు పక్కకు తిప్పేసుకుని ఆ భారం తగ్గించుకుంటారు. పెద్దవాళ్లమూ అంతే. పోయిన వారం ఈ రోజున ఏం చేశారని ఎవరినైనా అడిగి చూడండి, జవాబు వెతుక్కునేటప్పుడు వాళ్ల కళ్లు మీ ముఖం మీద నిలవవు. బ్రిటన్‌లో పరిశోధకులు 5 ఏళ్ల పిల్లలకు, ఆలోచించేటప్పుడు చూపు పక్కకు తిప్పుకోమని నేర్పించి చూశారు. నేర్చుకున్న పిల్లలు ప్రశ్నలకు మరింత బాగా జవాబు చెప్పారు. 2006లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. కాబట్టి ‘నా కళ్లలోకి చూసి చెప్పు’ అని గద్దిస్తే పాపకు తెలిసిన జవాబు కూడా నోట్లోనే ఆగిపోవచ్చు.

ఇక శూన్యంలోకి చూడటం. ధ్యాస లోపలికి మళ్లినప్పుడు కళ్లు చేసే పనే మారిపోతుంది. మామూలుగా మనం నిమిషానికి 15 నుంచి 20 సార్లు రెప్ప వేస్తాం. దేన్నైనా శ్రద్ధగా చదువుతుంటే ఆ సంఖ్య తగ్గుతుంది. సొంత ఆలోచనల్లో పడితే మళ్లీ పెరుగుతుంది, ఒక్కో రెప్పపాటు కాస్త ఎక్కువసేపు ఉంటుంది కూడా. బయటి దృశ్యానికి మెదడు క్షణకాలం తెర దించుతున్నట్టు అనుకోండి. చూపు ఒకేచోట ఎక్కువసేపు నిలిచిపోతుంది. కళ్లలో ఎప్పుడూ జరిగే, మన కంటికి కనిపించనంత చిన్న కదలికలు కూడా తగ్గుతాయి. దగ్గరున్న పేజీ చదవడానికి లోపలికి తిరిగి ఉండాల్సిన రెండు కళ్లూ వదులై, పేజీని దాటి ఎక్కడో దూరంగా చూస్తున్నట్టు అవుతాయి. ‘ఈ లోకంలో లేదు’ అనిపించే చూపు అదే.

కళ్లు వరుసల వెంట నడుస్తూనే ఉన్నా మనసు పుస్తకంలో లేకపోవచ్చు. శ్రద్ధగా చదివేటప్పుడు అరుదైన మాట ఎదురైతే చూపు అక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతుంది, తెలిసిన మాట అయితే చటుక్కున దాటేస్తుంది. పరధ్యానంలో ఈ తేడా బాగా తగ్గిపోతుంది. అందుకే పేజీ పూర్తయినా ఏం చదివామో గుర్తుండదు.

లోపలి ఊహకు కూడా కళ్లు స్పందిస్తాయి. ఇంతకుముందు చూసిన బొమ్మను ఖాళీ తెర ముందు కూర్చుని గుర్తు చేసుకుంటే, ఆ బొమ్మలో ఏది ఎక్కడ ఉందో దాదాపు అదే క్రమంలో కళ్లు కదులుతాయని 1997లో పరిశోధకులు చూపించారు. నాకు మరీ ఆశ్చర్యంగా అనిపించేది 2014లో నార్వేలో చేసిన ప్రయోగం. ఎండ కాస్తున్న ఆకాశాన్ని ఊహించుకోమంటే, గదిలో వెలుతురు ఏమాత్రం మారకపోయినా కంటిపాప చిన్నదైంది. చీకటి గదిని ఊహించుకోమంటే పెద్దదైంది. కావాలని కంటిపాపను ఇలా మార్చడం మన చేతిలో లేదు. మీ పాప గోడ వైపు చూస్తున్నప్పుడు ఆమెకు కనిపించేది గోడే అయి ఉండాల్సిన పనిలేదు.

అబద్ధం మాటకొస్తే, కళ్లు తిరిగిన దిక్కును బట్టి అబద్ధాన్ని పట్టుకోవచ్చన్నది ఒట్టి అపోహ. 2012లో దీన్ని నేరుగా పరీక్షిస్తే ఏ సంబంధమూ కనిపించలేదు. దయచేసి ఆ మాట పట్టుకుని పాపను అనుమానించకండి. అబద్ధమాడుతున్నావని పదేపదే అనిపించుకున్న పిల్లలు అసలు మాట్లాడటమే తగ్గించేస్తారు.

ఇప్పుడు ఎడమ కన్ను. కొందరు పిల్లల్లో కన్ను బయటివైపు జరిగే స్వభావం లోలోపల ఉంటుంది. మెలకువగా, శ్రద్ధగా ఉన్నప్పుడు మెదడు రెండు కళ్లనూ కలిపి పట్టి ఉంచుతుంది. పరధ్యానంలో, అలసటలో, జ్వరంలో ఆ పట్టు సడలి ఒక కన్ను పక్కకు జారుతుంది. ఇది అప్పుడప్పుడు మాత్రమే బయటపడే మెల్లకన్ను. ఎండలోకి వెళ్లగానే ఒక కన్ను మూసుకుంటోందేమో కూడా గమనించండి. చిక్కేమిటంటే క్లినిక్‌లో పిల్లలు జాగ్రత్తగా ఉంటారు, కళ్లు తిన్నగానే కనిపిస్తాయి. అందుకే కన్ను జారినప్పుడు ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి. డాక్టర్ ఒక్కో కన్నూ మూసి పరీక్షిస్తారు, చూపు ఎంతుందో, కళ్లద్దాలు అవసరమో చూస్తారు. కొందరికి అద్దాలు సరిపోతాయి, కొందరికి కొంతకాలం కంటికి ప్యాచ్ వేస్తారు. జారడం బాగా ఎక్కువైతే ఆపరేషన్ గురించి ఆలోచిస్తారు. ఇది కొన్ని వారాల్లోపు చేయించాల్సిన పరీక్షే, అర్ధరాత్రి పరుగెత్తాల్సినది కాదు.

న్యూరాలజిస్టు అవసరం ఇప్పటికైతే కనిపించడం లేదు. పిలిస్తే పలుకుతోందన్నారు, అది చాలా ముఖ్యమైన విషయం. పిల్లల్లో వచ్చే ఒకరకం మూర్ఛలో కింద పడటం, కొట్టుకోవడం ఉండవు. చేస్తున్న పని మధ్యలో హఠాత్తుగా ఆగిపోతారు, 5 నుంచి 15 సెకన్ల పాటు ఉలకరు, పలకరు. పిలిచినా, భుజం తట్టినా స్పందన ఉండదు. రెప్పలు అదరవచ్చు. ఆ తర్వాత ఏమీ జరగనట్టే ఆపిన చోట మొదలుపెడతారు. రోజుకు చాలాసార్లు రావచ్చు. మాట్లాడుతూ, ఆడుకుంటూ కూడా ఇలా ఆగిపోతుంటే ఆలస్యం చేయకుండా చూపించి ఈఈజీ (మెదడులోని విద్యుత్ తరంగాలను నమోదు చేసే పరీక్ష) తీయించాలి. దీనికి మంచి మందులున్నాయి.

టీచర్ గారి ఫిర్యాదును మాత్రం కొట్టిపారేయకండి. ఇంట్లోనూ బడిలోనూ ఆరు నెలలకు పైగా పనులు మధ్యలో వదిలేయడం, వస్తువులు పోగొట్టుకోవడం, చెప్పింది వెంటనే మర్చిపోవడం లాంటివి ఉండి చదువు దెబ్బతింటుంటే, పిల్లల మానసిక నిపుణుల సలహా తీసుకోవచ్చు. అవేవీ లేకపోతే టీచర్‌ను ఒక్కటే కోరండి: ప్రశ్న అడిగాక పాపకు నాలుగైదు సెకన్లు టైమ్ ఇవ్వమని, ఆ కాసేపు ఆమె ఎటు చూసినా ఏమీ అనవద్దని.