క్రికెట్ క్లబ్బులో చేరమంటారా అన్నా?

మెల్‌బోర్న్‌లోని క్లేటన్ నుంచి ఒక తమ్ముడు అడిగాడు. వచ్చి నాలుగు నెలలైందట, క్లాసులూ పార్ట్‌టైమూ పోను శని ఆదివారాలు గదిలో గోడలు చూస్తున్నాడట. ఇక్కడి క్రికెట్ క్లబ్బువాళ్ళు మనల్ని కలుపుకుంటారా అని అనుమానం.

చేరు. ఫీజు, రిజిస్ట్రేషన్, దెబ్బ తగిలితే ఇన్సూరెన్స్ సంగతి వాళ్ళ సైట్లలోనే ఉంటాయి, చూసుకో. అక్కడ రాయనిది నేను చెప్తా.

నేను 2008లో మెల్‌బోర్న్‌లో దిగినప్పుడు మీలాగా పొద్దస్తమానం వీడియో కాల్స్ లేవు. ఫోన్ కార్డు గీకి, నంబర్లు నొక్కి, అమ్మకి ‘బాగానే తింటున్నా’ అని అబద్ధం చెప్పడమే. ఎనిమిది నెలలు అలా గడిపి, తెనాలిలో టెన్నిస్ బంతిని గోడలు దాటించినవాణ్ణి కదా అన్న ధీమాతో క్లబ్బుకెళ్ళా. నాలుగో టీములో, బ్యాటింగుకి అందరికన్నా ఆఖరున, పదకొండో నంబరు! సిమెంటు పిచ్ మీద ఆకుపచ్చ మ్యాట్ పరుస్తారు, తోలు బంతి పడిందంటే గొంతు దాకా లేస్తుంది.

అదలా ఉంచు. నేను చేసిన అసలు తప్పు, ఆట అవగానే బ్యాగు తగిలించుకుని బస్సు కోసం పరిగెత్తడం. వాళ్ళేమో క్లబ్ గదిలో బీర్లతో కూర్చునేవారు. నేను తాగను, వాళ్ళ యాస నాకు సగమే అర్థమయ్యేది. రంగు చూసి దూరం పెడుతున్నారని సగం సీజన్ కుమిలిపోయా. అలాంటివాళ్ళు లేరనను. మా క్లబ్బులో మాత్రం దూరంగా ఉన్నది నేనే.

ఒకరోజు బస్సు తప్పింది. చలికి లోపలికెళ్తే స్కోరు రాసే పెద్దాయన లెమనేడ్ చేతిలో పెట్టి, పుస్తకం తిప్పి చూపించాడు. నా పేరుండాల్సిన చోట ప్రతి వారం ‘వి’ ఒక్కటే ఉంది. వెంకటేశ్వర్లు అని మూడుసార్లు పలికించా. నాలుగోసారికి ‘వెంకో’ అయింది. తాత పేరు పాడుచేశాడని ఒళ్ళు మండింది. ఆ పై శనివారం మిడాఫ్ నుంచి ఎవరో ‘వెంకో!’ అని అరిస్తే చటుక్కున తిరిగి చూశా.

మనవాళ్ళ టీముల్లోనూ ఆడు, బిర్యానీ దొరుకుతుంది. కానీ అక్కడా మాట్లాడుకునేది వీసాలూ ఇళ్ళ రేట్లే, గదికొచ్చాక దిగులు రెట్టింపవుతుంది.

2024 డిసెంబర్ 28న ఇండియా, ఆస్ట్రేలియా టెస్టుకి ఎంసీజీలో (మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్) ఆ పెద్దాయన పక్కనే కూర్చున్నా. మన వైజాగ్ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి 99 మీద అవతలి ఎండ్‌లో ఇరుక్కుపోయాడు. ఇవతల ఆస్ట్రేలియా బౌలర్ కమిన్స్ వేసే మూడు బంతులు హైదరాబాదీ సిరాజ్ కాచుకోవాలి, ఆఖరి వికెట్ అతనే. పెద్దాయన ఆస్ట్రేలియా మనిషే, అయినా ఆ మూడు బంతులూ నా మోకాలు వదల్లేదు. తర్వాతి ఓవర్లో నితీశ్ ఫోర్ కొట్టాడు, సెంచరీ! నేను ఏడ్చేశా. ఆయన జేబులోంచి రుమాలు తీసిచ్చి, ‘మీ వాడేనా, వెంకో?’ అన్నాడు.

గురువారం ప్రాక్టీసు మాత్రం మానకు. మా క్లబ్బులో టీము పేర్లు ఆ రాత్రే చదువుతారు. ప్యాడ్లు అప్పుడే కొనకు, క్లబ్ కిట్‌బ్యాగులో ఉంటాయి.