ఎస్ఎఫ్-86లో పాత గంజాయి సంగతి రాయాలా? నా అనుభవం

"కాలేజీలో నాలుగైదు సార్లు గంజాయి తాగాను, మానేసి రెండేళ్లయింది, ఇప్పుడు వర్జీనియాలో డిఫెన్స్ కాంట్రాక్టు ఉద్యోగం వచ్చింది, ఎస్ఎఫ్-86లో, అంటే రహస్య సమాచారం చూసే అనుమతి (సెక్యూరిటీ క్లియరెన్స్) కోసం అమెరికా ప్రభుత్వానికి ఇచ్చే ఫారంలో, రాయకపోతే ఎవరికి తెలుస్తుంది?" అని మీరు అడిగారు. రాయండి. ఇందులో రెండో మాట లేదు.

నేను ఈ ఫారం నింపుతుంటే మా బాబాయి పక్కనే కూర్చున్నాడు. "కేసు లేదు, పోలీసుల్లేరు, నీ చేత్తో నువ్వే ఎందుకు రాసిస్తావురా?" అన్నాడు. నా మీద ప్రేమతోనే అన్నాడు. గంజాయి సంగతి రాశాను గానీ, పరీక్షల ముందు రూమ్మేట్ దగ్గర తీసుకుని మింగిన రెండు యాడరాల్ (ఏకాగ్రత కుదరనివాళ్లకు ఇచ్చే మందు) మాత్రల సంగతి రాయలేదు. డాక్టరు రాసే మందే కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నిజానికి 23వ సెక్షన్‌లో ప్రిస్క్రిప్షన్ మందుల దుర్వినియోగం గురించి విడిగా ప్రశ్న ఉంటుంది. చదివి కూడా 'లేదు' అని పెట్టాను.

ఆ తర్వాత ఇంటర్వ్యూ దాకా సరిగ్గా నిద్రపట్టలేదు. ఆ రోజు ఇన్వెస్టిగేటర్ ప్రమాణం చేయించి మొదటి పేజీ తీస్తుండగానే "సార్, ఒకటి తప్పు రాశాను" అని చెప్పేశాను. ఆయన పేజీలు తిప్పి 23 దగ్గర ఆగాడు. ఎన్ని మాత్రలు, ఎవరిచ్చారు, ఏ నెలలో, ఎందుకు రాయలేదు అని వరుసగా అడిగాడు. చివరి ప్రశ్నకు నోరు తడారిపోయింది. "భయపడ్డాను" అన్నాను. అదే రాసుకున్నాడు. ఆలస్యమైనా క్లియరెన్స్ వచ్చింది.

ఇలా మనంతట మనం సరిదిద్దుకోవడానికి రూల్స్‌లోనే చోటుంది. క్లియరెన్స్ ఇవ్వాలా వద్దా అని తేల్చడానికి 2017 నుంచి అమల్లో ఉన్న మార్గదర్శకాల్లో డ్రగ్స్‌కు 'హెచ్', నిజాయితీకి 'ఇ' అని వేర్వేరు విభాగాలున్నాయి. 'హెచ్' కింద ఎన్నిసార్లు, ఎంతకాలం కిందట, మళ్లీ వాడతారా అన్నది చూస్తారు. పాత గంజాయి వాడకం ఒక్కటే నిర్ణయాన్ని తేల్చేయకూడదని 2021 డిసెంబరులో నేషనల్ ఇంటెలిజెన్స్ డైరెక్టర్ మెమో కూడా ఇచ్చారు. 'ఇ' దగ్గరికి వచ్చేసరికి లెక్క మారిపోతుంది. గంజాయి ఎంత పాతదైనా, ఫారంలో అబద్ధం మొన్నటిది. వాళ్లు నిలదీయకముందే మనంతట మనం సరిదిద్దుకుంటే దాన్ని మనకు అనుకూలంగా తీసుకుంటారు. మా టీమ్‌లో ఒకరు వేరే ఉద్యోగానికి అప్లై చేసినప్పుడు వాడానని చెప్పి, ఈ ఫారంలో 'లేదు' అన్నారు. రెండు కాగితాలూ ఒకే బల్ల మీదికి చేరాయి. క్లియరెన్స్ ఎందుకు ఇవ్వలేమో చెప్పే నోటీసు (స్టేట్‌మెంట్ ఆఫ్ రీజన్స్) వచ్చింది, ఉద్యోగం పోయింది.

కావాలని అబద్ధం రాస్తే 5 ఏళ్ల వరకు జైలుశిక్ష పడొచ్చు. నిజం రాస్తే ఆ జవాబును మీ మీద క్రిమినల్ కేసులో సాక్ష్యంగా వాడబోమని 23వ సెక్షన్ మొదట్లోనే ఉంటుంది. ఇదంతా మీలాంటి సిటిజన్ల సంగతి. గ్రీన్ కార్డు, హెచ్1బీ మీద ఉన్నవాళ్లకు గంజాయి ఒప్పుకోవడం వల్ల ఇమ్మిగ్రేషన్ చిక్కులు రావచ్చు, వాళ్లు ముందు లాయరుతో మాట్లాడాలి.

మన ఇళ్లలో గవర్నమెంటు కన్నా అమ్మానాన్నలకు తెలుస్తుందనే టెన్షన్ ఎక్కువ. ఇన్వెస్టిగేటర్లు స్నేహితులతో, ఇరుగుపొరుగుతో మాట్లాడతారు కాబట్టి నాకూ ఉండేది. ఇంటర్వ్యూ ముందురోజు రాత్రి అమ్మకు నేనే చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఇప్పుడు మానేశావుగా?" అని మాత్రం అడిగింది.

ఫారం ఇంకా పంపలేదన్నారు కదా, గత 7 ఏళ్లలో ఏది, ఎప్పుడు, ఎన్నిసార్లు అన్నది ముందు ఒక కాగితం మీద రాసుకోండి. రాష్ట్రంలో చట్టబద్ధమే అయినా ఇక ముట్టుకోవద్దు, ఫెడరల్ చట్టం ఒప్పుకోదు.