ఇంటికీ, వెంట ఉంచుకోవడానికీ ఒకే పిస్టల్ సరిపోతుందా?

మీకు గ్రీన్ కార్డు వచ్చి కొన్ని నెలలైందనీ, డాలస్ శివారులో ఉంటున్నారనీ, మందుల దుకాణంలో పని ముగించుకుని రాత్రి పొద్దుపోయాక ఒంటరిగా ఇంటికి వస్తారనీ, ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలున్నారనీ రాశారు. హ్యాండ్‌బ్యాగులో పట్టేటంత చిన్న పిస్టల్ ఒకటి కొనుక్కుంటే ఇంటికీ దారికీ అదే సరిపోతుందని స్నేహితులు చెబుతున్నారనీ, అది నిజమేనా అనీ, మంచి పిస్టళ్ల పేర్లు చెప్పమనీ అడిగారు. ఒకే పిస్టల్ రెండింటికీ సరిపోతుంది, కానీ అది హ్యాండ్‌బ్యాగును చూసి ఎంచుకున్నది కాకూడదని నా అభిప్రాయం. ముందు ఇంటి కోసం, మీ చేతిని బట్టి ఎంచుకోండి. దానితో చేయి కుదిరాక, వెంట తీసుకెళ్లాలా వద్దా అనేది విడిగా ఆలోచించండి.

నేను హ్యూస్టన్ శివార్లలో మా వారితో కలిసి గ్యాస్ స్టేషన్, దానికి ఆనుకుని ఉన్న చిన్న దుకాణం నడుపుతున్నాను. నావి చిన్న చేతులు, చీరలూ చుడీదార్లూ ఎక్కువగా కట్టుకునే అలవాటు, ఇంట్లో పిల్లలు పెరిగారు, ఏటా అత్తమామలు వచ్చి కొన్ని నెలలు ఉండి వెళతారు. ఈ నాలుగూ నా ఎంపికను నిర్ణయించాయి. మీ పరిస్థితి కూడా దీనికి దగ్గరగానే ఉన్నట్టుంది కనుక వివరంగా రాస్తున్నాను.

తుపాకీ సంగతికి ముందు చట్టం సంగతి ఒకటి చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లలో చాలామందికి ఇది తెలియదు. గ్రీన్ కార్డు ఉన్నవారు తుపాకీ కొనవచ్చు, ఉంచుకోవచ్చు. లైసెన్సున్న దుకాణంలో పిస్టల్ కొనడానికి 21 ఏళ్లు నిండి ఉండాలి, 4473 అనే ఫారం నింపాలి, నేరచరిత్ర తనిఖీ జరుగుతుంది. అయితే హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1, బీ-2 వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకీని గానీ తూటాలను గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. 2022లో వచ్చిన సవరణ తర్వాత దీనికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్ల జైలు. వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి గానీ, వకీలును అడగకుండా వాటిని నమ్ముకోకూడదు. షూటింగ్ రేంజ్‌లో, అంటే తుపాకీ కాల్చడం సాధన చేసే చోట, కాసేపు చేతికిచ్చినా అది ఉంచుకోవడం కిందికే రావచ్చు. కాబట్టి చదువుకోవడానికి వచ్చిన మీ తమ్ముణ్ణో, మరదలినో సరదాగా రేంజ్‌కు తీసుకెళ్లి ఫొటోలు దిగనివ్వకండి. వాళ్ల వీసా భవిష్యత్తు మీ చేతుల్లో ఉంటుంది.

ఇక చిన్న పిస్టల్ సంగతి. దుకాణంలో అద్దాల పెట్టె వెనుక చూసినప్పుడు రూగర్ ఎల్‌సీపీ లాంటిది ఎంతో ముచ్చటగా ఉంటుంది. .380 అనే చిన్న రకం తూటాలతో పనిచేసే ఆ పిస్టల్ బరువు సుమారు 270 గ్రాములు. 9 ఎంఎం తూటాలు వాడే గ్లాక్ 19 పిస్టల్ ఖాళీ మ్యాగజైన్‌తో (తూటాలు నింపి పట్టులో దోపే డబ్బాతో) సుమారు 670 గ్రాములు ఉంటుంది. కొత్తవారు తేలికైనది కాల్చడం కూడా తేలిక అనుకుంటారు. జరిగేది దానికి సరిగ్గా విరుద్ధం. తూటా వెలువడినప్పుడు వెనక్కి తన్నే శక్తిని మింగుకునేది పిస్టల్ బరువే. ఆ బరువు లేకపోతే తన్నంతా మీ అరచేతికీ మణికట్టుకూ వస్తుంది. పైగా పట్టుకునే భాగం చిన్నది కావడంతో చిటికెన వేలికి చోటుండదు, గురి చూసే రెండు బిందువుల మధ్య దూరం తగ్గిపోతుంది, చేయి అణువంత కదిలినా గురి చాలా తప్పుతుంది. రేంజ్‌లో మొదటి రెండు మ్యాగజైన్లు కాల్చేసరికే నొప్పికి భయపడి, ట్రిగ్గర్ నొక్కకముందే కళ్లు మూసుకునేవాళ్లను నేను చాలామందిని చూశాను. సాధన చేయబుద్ధి కాని పిస్టల్ ఎంత సులువుగా దాగినా ఆపదలో అక్కరకు రాదు.

ఆడవాళ్లకు రివాల్వర్ మంచిదని సలహా ఇచ్చేవాళ్లు కూడా మీకు తగులుతారు. స్మిత్ అండ్ వెసన్ 642 వంటి ఐదు తూటాల చిన్న రివాల్వర్‌లో స్లైడ్ (తూటా ఎక్కించడానికి వెనక్కి లాగే, ఆటోమేటిక్ పిస్టల్ పై భాగం) లాగే పని లేదు, పట్టు వదులైనా తూటా ఇరుక్కునే బెడద లేదు, ఇంతవరకు వాళ్ల మాట నిజమే. అయితే దాని ట్రిగ్గర్ నొక్కడానికి సుమారు 12 పౌండ్ల బలం పెట్టాలి. గ్లాక్‌కు అందులో సగం చాలు. చూపుడు వేలితో అంత బలం పెడుతూ మిగతా చేయి కదలకుండా ఉంచడం ఏళ్ల సాధన ఉన్నవారికే కష్టం. ఆ రివాల్వర్ అనుభవజ్ఞుల ఆయుధం, మొదటి తుపాకీగా నేను దాన్ని ఎవరికీ సూచించను.

ఆటోమేటిక్ పిస్టల్ స్లైడ్ లాగలేమన్న భయం చాలావరకు పద్ధతి తెలియకపోవడం వల్ల వచ్చేదే. బొటనవేలూ చూపుడు వేలూ కలిపి వెనక్కి లాగాలని చూస్తే ఎవరికైనా కష్టమే. పిస్టల్‌ను రొమ్ముకు దగ్గరగా తెచ్చి, గొట్టం ఖాళీ దిక్కుకు ఉంచి, వేలు ట్రిగ్గర్‌కు దూరంగా ఉంచి, ఎడమ అరచేయి మొత్తంతో స్లైడ్ వెనుక భాగాన్ని పైనుంచి గట్టిగా పట్టుకుని, కుడిచేత్తో పిస్టల్‌ను ముందుకు నెట్టాలి. లాగడంలో వేళ్ల బలం మాత్రమే పనిచేస్తుంది, నెట్టడంలో భుజం బలం కూడా తోడవుతుంది. నాకు శిక్షణ ఇచ్చిన ఆవిడ దీన్ని చూపించిన తర్వాత నాకు స్లైడ్ ఒక సమస్యగా మిగలలేదు. కీళ్ల నొప్పుల వల్ల అదీ కుదరకపోతే, మెత్తని స్ప్రింగుతో వచ్చే స్మిత్ అండ్ వెసన్ షీల్డ్ ఈజీ చూడండి.

పేర్లు చెప్పమన్నారు కనుక చెబుతున్నాను. 15 తూటాలు పట్టే గ్లాక్ 19 ఇంటికి సరైన పరిమాణం, తగిన దుస్తులు వేసుకుంటే వెంట కూడా దాచుకోగలిగినది. అది మీ చేతికి లావుగా అనిపిస్తే, సన్నని పట్టుతో 10 తూటాలు పట్టే గ్లాక్ 43ఎక్స్ చూడండి. 2018లో వచ్చిన సిగ్ సావర్ పీ365 దాదాపు అరకిలో బరువుతో అంతకన్నా చిన్నది, అయినా 9 ఎంఎం తూటాలు పది పడతాయి. ఇంతకంటే చిన్నదానికి మాత్రం వెళ్లవద్దు. ఈ మూడింటినీ అద్దెకిచ్చే రేంజ్‌లు డాలస్ చుట్టుపక్కల ఉన్నాయి. కొనకముందే ఒక్కొక్కదానితో యాభై తూటాలైనా కాల్చి, చివరి పది తూటాలు ఎక్కడ తగిలాయో చూడండి. మొదటి పదీ ఉత్సాహంతో బాగానే తగులుతాయి, అలసిన చేతితో కాల్చినవి ఆ పిస్టల్ మీకు నప్పుతుందో లేదో చెబుతాయి. దుకాణంలో పట్టుకుని చూస్తే ఇది తెలియదు.

ఎంచుకునేటప్పుడు ఎవరూ చెప్పని తేడా ఒకటుంది. శుభ్రం చేయడానికి గ్లాక్‌ను విప్పాలంటే ట్రిగ్గర్ నొక్కి తీరాలి. పీ365కు ఆ అవసరం లేదు. మ్యాగజైన్ తీసేస్తే పిస్టల్ ఖాళీ అయిపోయిందని కొత్తవారు పొరబడతారు, కానీ గొట్టం మొదట్లోని గదిలో ఇంకో తూటా ఉండిపోవచ్చు, మ్యాగజైన్ లేకపోయినా గ్లాక్ దాన్ని పేల్చేస్తుంది. 2024లో అట్లాంటాలో హైదరాబాదు విద్యార్థి ఒకరు తుపాకీ శుభ్రం చేస్తుండగా అది పేలి చనిపోయాడని పత్రికల్లో చదివినప్పటి నుంచి, మా ఇంట్లో ఈ పని చేసేటప్పుడు తూటాలన్నీ వేరే గదిలో పెట్టి, స్లైడ్ వెనక్కి లాగి ఆపి, గొట్టం మొదట్లోని ఆ గదిలోకి కంటితో చూసి, చిటికెన వేలు పెట్టి తడిమి చూసిన తర్వాతే విప్పుతాం. మీరు గ్లాక్ తీసుకున్నా ఇబ్బందేమీ లేదు, ఈ క్రమం మాత్రం ఒక్కసారి కూడా తప్పకూడదు.

పిల్లలున్న ఇంట్లో, నా దృష్టిలో, ఏ పిస్టల్ అన్నదానికంటే ఏ పెట్టె అన్నది పెద్ద ప్రశ్న. బీరువాలో చీరల మడతల మధ్య నగలు దాచే అలవాటు మనకుంది. తుపాకీని కూడా అలాగే దాచినవాళ్లను నేనెరుగుదును. దాచడం వేరు, తాళం వేయడం వేరు. టెక్సస్‌లో 17 ఏళ్లలోపు పిల్లలకు తూటాలతో సిద్ధంగా ఉన్న తుపాకీ నిర్లక్ష్యం వల్ల అందితే అది నేరం. బటన్లు వరుసగా నొక్కితే తెరుచుకునే చిన్న ఇనుప పెట్టెను మంచం పక్కన బోల్టులతో బిగించండి. వేలిముద్రతో తెరుచుకునేవి నేను తీసుకోలేదు, ఎందుకంటే వేలు తడిగా ఉన్నా, చెమట పట్టినా అవి మొరాయిస్తాయి. చీకట్లో చూడకుండా తెరవడం సాధన చేయండి, ఆ బటన్ల వరుస పిల్లల ముందు ఎన్నడూ నొక్కకండి.

హ్యాండ్‌బ్యాగు వద్దనడానికి కారణం కూడా ఇదే. 2014 డిసెంబరులో ఐడాహో రాష్ట్రంలోని హేడెన్‌లో, ఒక పెద్ద దుకాణంలో సామాన్లు కొంటున్న తల్లి పక్కన బండిలో కూర్చున్న రెండేళ్ల పిల్లవాడు ఆమె సంచిలోని పిస్టల్ తీశాడు, అది పేలి ఆమె అక్కడికక్కడే చనిపోయింది. ఆ సంచి తుపాకీ పెట్టుకోవడానికే ప్రత్యేకంగా కుట్టినది, ఆమె తుపాకులతో బాగా అలవాటున్న మనిషి. మన హ్యాండ్‌బ్యాగును పిల్లలు బిస్కట్ల కోసమో, ఫోను కోసమో రోజుకు ఎన్నిసార్లు తెరుస్తారో మీకే తెలుసు. వెంట ఉంచుకోదలిస్తే ఒంటి మీదే ఉండాలి, ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పేసే గట్టి హోల్‌స్టర్‌లో (తుపాకీ ఒరలో), గట్టి బెల్టు మీద నడుము లోపలి వైపు ఉండాలి. చుడీదారుకు బెల్టు ఉండదు కనుక ఆ రోజు మీ దగ్గర పిస్టల్ ఉండదు. నేను దుకాణానికి ప్యాంటు, వదులు చొక్కా వేసుకుని వెళ్లడం అందుకోసమే మొదలుపెట్టాను. చీర కట్టుకున్న రోజు అది ఇంట్లో పెట్టెలోనే ఉంటుంది.

మీ విషయంలో మరొకటి ఆలోచించాలి. 2021 సెప్టెంబరు 1 నుంచి టెక్సస్‌లో 21 ఏళ్లు నిండి, చట్టం నిషేధించని వ్యక్తులు లైసెన్సు లేకుండానే పిస్టల్ వెంట ఉంచుకోవచ్చు. అయితే మీ యజమాని దుకాణం లోపలికి వద్దనవచ్చు. అలా వద్దంటే పిస్టల్‌ను తాళం వేసిన కారులో వదలాలి. అందుకు చట్టం సాధారణంగా ఒప్పుకుంటుంది. కానీ మీకు భయమున్నది దుకాణం తలుపు నుంచి కారు దాకా నడిచే ఆ కాస్త దూరంలో కదా? అప్పుడు అది మీ ఒంటి మీద ఉండదు. పైగా కార్ల అద్దాలు పగలగొట్టేవాళ్లకు అది దొరికే ప్రమాదం ఉంది. ముందు మీ మేనేజరును అడగండి. వద్దంటే, మూసేవేళ ఇద్దరు కలిసి బయటికి వచ్చే ఏర్పాటు, దీపం కింద కారు నిలుపుకోవడం మీకు ఏ పిస్టల్ కంటే ఎక్కువ మేలు చేస్తాయి.

మేనేజరు ఒప్పుకుంటే మాత్రం, తప్పనిసరి కాకపోయినా లైసెన్సు తీసుకోండి. బడి చుట్టూ వెయ్యి అడుగుల లోపు తుపాకీని నిషేధించే ఫెడరల్ చట్టం నుంచి, ఆ రాష్ట్రం ఇచ్చిన లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉంది. రోజూ పిల్లలను దించి వచ్చే మీకు ఇది చాలా అవసరం. బడి భవనం లోపలికి లైసెన్సున్నా తీసుకెళ్లకూడదు. లైసెన్సు పరీక్షలో 3, 7, 15 గజాల దూరాల నుంచి మొత్తం 50 తూటాలు కాల్చాలి, అది కనీస స్థాయి మాత్రమే. ద్వారాల దగ్గర 30.06, 30.07 అని అంకెలున్న నోటీసులు కనిపిస్తే, అక్కడ లైసెన్సున్నవారికి కూడా పిస్టల్‌తో ప్రవేశం లేదని అర్థం. మొదటిది దాచి తెచ్చేవారికి, రెండోది కనిపించేలా తెచ్చేవారికి. ఇంకొక మాట, న్యూజెర్సీలో బంధువుల పెళ్లికి వెళ్లేటప్పుడు ఇది గుర్తుంచుకోండి: ఆ రాష్ట్రంలో టెక్సస్ లైసెన్సు చెల్లదు.

ఇంటి విషయానికి వస్తే, తూటాలకన్నా ముందు మంచి టార్చిలైటు కొనండి. మా అత్తగారు ఇండియా నుంచి వచ్చిన మొదటి వారం రోజులూ జెట్‌లాగ్‌తో రాత్రి మూడింటికి లేచి, మమ్మల్ని లేపకూడదని దీపం వేయకుండా వంటింట్లో కాఫీ పెట్టుకుంటారు. గిన్నె చప్పుడు విని మెలకువ వచ్చిన మనిషి చేతిలో పిస్టల్ ఉండి, వెలుగు లేకపోతే ఏమవుతుందో ఊహించుకోండి. ఎదుట ఉన్నది ఎవరో ముఖం చూసి తెలుసుకోకుండా పెట్టె తెరవకూడదు, వీలైతే ముందుగా గట్టిగా పేరు పెట్టి పిలవాలి. ఇక్కడి ఇళ్ల లోపలి గోడలు జిప్సం పలకలే కనుక 9 ఎంఎం తూటా వాటిని సులువుగా దాటి పక్క గదిలోకి వెళుతుంది. ఇంటికి హాలో పాయింట్ తూటాలు వాడండి, అవి శరీరంలో విచ్చుకుని ఆగే అవకాశం ఎక్కువ. గురి తప్పి గోడకు తగిలితే అవి కూడా దాటిపోతాయి. అందుకే పిల్లల గది ఏ దిక్కున ఉందో చూసుకుని, మీ పడకగది నుంచి ఏ వైపు కాల్చకూడదో పగటిపూటే దంపతులిద్దరూ నిలబడి చూసుకోండి. మేము మంచాన్ని ఆ లెక్కతోనే ఇటు గోడకు జరిపాం.

చివరగా, రేంజ్‌కు తీసుకెళ్లే సంచిని ఇంకే పనికీ వాడకండి. అడుగున ఇరుక్కున్న ఒక్క తూటాతో శంషాబాద్‌లోనో ఢిల్లీలోనో దిగితే 1959 నాటి ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు, మరచిపోయానంటే ఊరుకోరు. మా సంచి గ్యారేజీలో తాళం వేసిన అరలో ఉంటుంది, ఇండియా ప్రయాణానికి సామాన్లు సర్దే గదిలోకి అది రాదు.