‘నర్సింగ్ ఎందుకు?’ అంటే ఏం చెప్పాలి?

ప్రశ్న: బీఎస్సీ నర్సింగ్ చివరి సెమిస్టర్‌లో ఉన్నాను. నీట్‌లో సీటు రాక ఇందులో చేరాను. ఓ ఆసుపత్రి ఇంటర్వ్యూలో ‘నర్సింగ్ ఎందుకు? అయిదేళ్లలో ఎక్కడుంటావు?’ అన్నారు. ‘సేవ చేయాలని’ అన్నాక ఇంక మాట రాలేదు. ఎలా సిద్ధం కావాలి?
- ఓ విద్యార్థిని, ఖమ్మం

జవాబు: నీట్ సంగతి దాచక్కర్లేదు. బైపీసీ నుంచి వచ్చినవాళ్లలో చాలామంది అది రాసినవాళ్లేనని ఇంటర్వ్యూలో కూర్చునే నర్సింగ్ సూపరింటెండెంట్‌కు తెలుసు. ఎందుకు చేరారన్నదాని కంటే నాలుగేళ్లు ఎందుకు నిలిచారన్నదే ఆమెకు కావాలి. ‘సేవ’ తప్పు మాటేం కాదు, కానీ మీకు ముందు వచ్చినవాళ్లూ అదే అని ఉంటారు. ఆ వెంటనే ‘నెలకు ఎన్ని నైట్లు చేస్తావు?’ అని అడిగితే తడబడేది కూడా అక్కడే.

మీ క్లినికల్ లాగ్‌బుక్ తీయండి. డ్యూటీ అయిపోయినా కదలబుద్ధి కాని పోస్టింగ్ ఏది? ఎప్పుడు ముగుస్తుందా అని రోజులు లెక్కపెట్టింది ఏది? మొదటిదాంట్లోంచి ఒక్క రోగిని ఎంచుకోండి. పేరు వద్దు. మీరు గమనించింది, చేసింది, తర్వాత జరిగింది చెబితే చాలు. ఉదాహరణకు, ‘పక్షవాతంతో మంచానపడ్డ పెద్దాయనకు నడుము కింద చర్మం ఎర్రబడింది. వేలితో నొక్కినా తెల్లబడలేదు. సిస్టర్‌కు చెప్పాను. రెండు గంటలకోసారి పక్క మార్చాం, చార్టులో రాశాం. పుండు పడలేదు.’ నిమిషంలో అయిపోవాలి. చేయనిది మాత్రం కల్పించొద్దు. ‘అది ఏ స్టేజ్? బ్రేడెన్ స్కోర్ (మంచంపుండ్లు పడే ముప్పును కొలిచేది) ఎంత?’ అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది.

ఇక లక్ష్యం. ‘ఇన్‌ఛార్జ్ అవ్వాలి’ అంటే హోదా చెప్పినట్టు, పని చెప్పినట్టు కాదు. ఐసీయూ ఇష్టమనుకుందాం. మొదటి ఆరు నెలల్లో ఏబీజీ (ధమని రక్తంలో వాయువుల పరీక్ష) చదవడం, వెంటిలేటర్ హై ప్రెజర్ అలారం మోగితే గొట్టం మడత పడిందా, కఫం అడ్డుపడిందా అని తేల్చుకోవడం, ఇన్‌ఫ్యూజన్ లెక్కలు (మందు గంటకు ఎన్ని మి.లీ. ఎక్కించాలన్నది) నేర్చుకుంటానని చెప్పండి. ఆ లెక్క అక్కడే వేయమంటారు కూడా. 50 మి.లీ. సిరంజిలో బీపీ పెంచే మందు నార్‌అడ్రినలిన్ 4 మి.గ్రా. అంటే మి.లీ.కు 80 మైక్రోగ్రాములు. 60 కిలోల మనిషికి కిలోకు నిమిషానికి 0.1 మైక్రోగ్రాము చొప్పున నిమిషానికి 6, గంటకు 360 మైక్రోగ్రాములు. 80తో భాగిస్తే గంటకు 4.5 మి.లీ. కంగారులో 60తో గుణించడం మరిచిపోవడమే మామూలుగా జరిగే పొరపాటు.

ఏడాది దాటాక ఏసీఎల్ఎస్ (గుండె ఆగినప్పుడు చేసే అత్యవసర చికిత్సలో శిక్షణ), ఆపైన క్రిటికల్ కేర్ నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు లేదా ఎంఎస్సీ అనండి. ఈ చివరి రెండు కోర్సులకూ ఏడాది అనుభవం కావాలి కాబట్టి ప్లాన్ అతికినట్టు ఉంటుంది. జర్మనీ ఆలోచన ఉంటే, అడిగినప్పుడు దాచొద్దు. అక్కడ నర్సుగా గుర్తింపు పొందడానికి సాధారణంగా జర్మన్ భాషలో బీ2 స్థాయి (మధ్యస్థానికి పైమెట్టు) కావాలి, కాబట్టి ముందు రెండేళ్లు ఇక్కడేనని చెప్పొచ్చు, అది నిజం కూడా.

బాండ్ (ఇన్నాళ్లు మానకుండా పనిచేస్తానన్న ఒప్పందం) ఉందంటే ఎన్ని నెలలు, మధ్యలో మానితే ఎంత కట్టాలి అని సంతకానికి ముందే అడగండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించి వెనక్కి తీసుకోండి, జిరాక్స్‌లే ఇవ్వండి. ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ల నియామక పరీక్ష నార్సెట్ మనసులో ఉంటే (బేసిక్ రూ.44,900తో మొదలయ్యే లెవెల్ 7 ఉద్యోగం) ఫలితాలు రాగానే రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టర్ చేసుకోండి. ఆ నంబరు లేకపోతే డిగ్రీ ఉన్నా అర్హత ఉండదు.