నార్వే సత్రంలో హత్య రాసేముందు

చిరంజీవి బుజ్జిగాడికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఉద్యోగానికి సెలవు పెట్టి నార్వే వెళ్తున్నావనీ, పాత సత్రంలో కూర్చుని డిటెక్టివ్ నవల రాస్తావనీ మీ అమ్మ చెప్పింది. గర్వంగానే ఉందిరా. జనవరిలో అక్కడ కారు అద్దెకు తీసుకుంటావన్న మాట దగ్గరే గుండెల్లో రాయి పడింది. దాని సంగతి తర్వాత.

సొల్వోర్న్ అనే ఊళ్లోని వాలాకర్ హోటల్ మంచి ఎంపిక. కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన లుస్త్రాఫియోర్డ్ అనే సముద్రపు పాయ ఒడ్డు, ఆవలి గట్టున ఉర్నెస్ కర్ర చర్చి, 1690 నుంచి ఒకే కుటుంబం నడుపుతున్న ఇల్లు. అందుకే హత్య అక్కడ చేయించకు. వాళ్లింట్లో శవాన్ని పడుకోబెట్టడం మర్యాద కాదు. ఆ పోలికలతోనే వేరే పేరు పెట్టి సొంత సత్రం కట్టుకో. మెట్లు, తలుపులు, కిటికీలు కాగితం మీద గీశాకే కలం పట్టు.

కథ 1905లో అన్నావు, స్వీడన్‌తో తెగతెంపులైన ఏడాది. రాజధానిని ఓస్లో అనకు, 1925 దాకా అది క్రిస్టియానియా. అప్పటి సత్రమంటే తిండీ పడకా ఒక్కటే కాదు, తర్వాతి మజిలీ దాకా గుర్రం ఇచ్చే స్కిస్ స్టేషన్ కూడా. కొన్నిచోట్ల గుర్రాలు ఎప్పుడూ సిద్ధంగా ఉండేవి. మిగతాచోట్ల చుట్టుపక్కల రైతులకు కబురు పంపి గంటల తరబడి కాచుకోవాలి. తెలివైనవాళ్లు ముందే చీటీ పంపించేవారు. కరియోల్ అనే బండికి రెండు చక్రాలు, ఒక్కరికే చోటు. గుర్రాన్ని వెనక్కి తోలుకెళ్లాల్సిన కుర్రాడు సామాను పలక మీద వెనకే ఉంటాడు. వాణ్ణి మించిన సాక్షి నీకు దొరకడు.

ప్రతి మజిలీలోనూ ఒక చిట్టా ఉండేది. పేరు, ఎక్కడికి, ఎన్ని గుర్రాలు, ఫిర్యాదులు, అన్నీ ప్రయాణికుడే రాయాలి. అబద్ధమాడేవాడు ఒక పుస్తకాన్ని మోసం చెయ్యగలడు, ముందు మజిలీ పుస్తకాన్ని చెయ్యలేడు. నడిచొచ్చినవాడి పేరు మాత్రం ఎక్కడా ఉండదు. ఇంకోటి, ఇంటిపేరు స్థిరంగా ఉండాలన్న చట్టం 1923లో వచ్చింది. అంతకుముందు పల్లెల్లో తండ్రి పేరో, ఉంటున్న పొలం పేరో తగిలించుకునేవారు. పొలం మారితే పేరూ మారేది. అంటే ఒకే మనిషి రెండు చిట్టాల్లో రెండు పేర్లతో, ఏ మోసమూ లేకుండానే కనిపించొచ్చు. దీన్ని వదులుకున్నావంటే నీ అంత మొద్దు ఇంకొకడుండడు.

ఇప్పుడు అసలు తప్పు. మన వాళ్లు అక్కడి కథ రాస్తే చేసేది ఇదే. జూన్ నెల, అర్ధరాత్రి, చిమ్మచీకటి, లాంతరు పట్టుకున్న నీడ! నీ సారాంశం మీ అమ్మ పంపితే చదివాను, అందులోనూ ఉంది. సొల్వోర్న్ అరవై ఒకటో అక్షాంశం దాటి ఉంది. జూన్‌లో ఇప్పటి గడియారం ప్రకారం సూర్యుడు రాత్రి పదకొండుకు అస్తమించి నాలుగింటికి లేస్తాడు. 1905లో వేసవికి గడియారాన్ని గంట ముందుకు జరిపే పద్ధతి లేదు కాబట్టి గంట వెనక్కి జరుపు, అంటే పది, మూడు. మధ్యలో కూడా చీకటి పడదు. మబ్బు లేకపోతే ఆరుబయట ఎదుటివాడి ముఖం గుర్తుపట్టొచ్చు. దాంతో నీ లాంతరు పోయింది, ఎవరికీ కనబడని పడవ పోయింది, "చీకట్లో పోల్చుకోలేకపోయాను" అన్న వంటమనిషి సాక్ష్యమూ పోయింది. ఒక్క పొరపాటుకు మూడు అధ్యాయాలు!

చీకటే కావాలంటే కథను సెప్టెంబరు చివరికి జరుపు, అప్పుడు పగలూ రాత్రీ సమానం. నన్నడిగితే వెలుగులోనే చంపించు. జూలైలో గడ్డి కోస్తారు. ఆ రోజుల్లో కర్రలు పాతి, తీగలు కట్టి, తడిగడ్డిని వాటి మీద వరసలుగా ఆరేసేవారు. పొలం పొడుగునా పచ్చటి గోడలు లేచినట్టుండేది. వాటి వెనక వంగి నడిచేవాడు పట్టపగలైనా కనబడడు. ఇంకో కిటుకు: సొల్వోర్న్ పడమటి ఒడ్డున ఉంది, వెనక కొండ. సాయంత్రం ఊరు ముందే నీడలో పడుతుంది, ఉర్నెస్ గట్టు మాత్రం ఇంకా వెలుగుతూనే ఉంటుంది. "సత్రం వాకిట్లో సాయంత్రపుటెండ కళ్లల్లో కొట్టింది" అన్నవాడు అక్కడ లేడన్నమాట. ఇది నీకే ఇస్తున్నాను, ఎవరికీ చెప్పకు.

ఇక కారు. సొగ్నెఫియెల్ల్ కనుమ 1434 మీటర్ల ఎత్తు, చలికాలమంతా మూసేస్తారు. హార్డంగర్‌విడ్డ అనే పీఠభూమి మీది రోడ్డు తెరిచున్నా మంచు తుఫానులో మంచు తోసే బండి వెనక వరసకట్టి పోవాలి. ముందున్న ఎర్ర దీపం తప్పితే దారి కూడా కనబడదు. మన ఘాట్ రోడ్ల అనుభవం అక్కడ పనికిరాదు, బ్రేక్ నొక్కితే బండి నీ మాట వినదు. తాళంచెవి ముట్టుకున్నావని తెలిస్తే వీపు విమానం మోత మోగుతుంది. ఓస్లో నుంచి సొల్వోర్న్‌కు దగ్గరి పట్నం సొగ్న్‌డాల్ దాకా బస్సులో వెళ్లు. హోటల్ ఏ నెలల్లో తెరుస్తారో టికెట్ కొనకముందే వాళ్లకు రాసి కనుక్కో. అసలు జూలైలో వెళ్తే గడ్డి కోతా చూడొచ్చు, మా ప్రాణాలూ కుదుటపడతాయి.

సత్రం ప్లానూ, ఎవరు ఏ గంటకు ఎక్కడున్నారో పట్టికా ముందు పంపు. అధ్యాయాలు తర్వాత చదువుతాను.

పెద్దమ్మ